తాళం వేసిన పెట్టెలో ఆరంకెలు

బొగ్గుబాయి లోపల ఒక ఫోను ఉంటుంది. జేబులో పెట్టుకునేది కాదు, గోడకు బిగించిన బరువైన ఇనుప ఫోను. పంపు ఆగినా, బెల్టు తెగినా, బొగ్గు మోసే టబ్బు పట్టాలు తప్పినా పైవాళ్ళు దానికే చేస్తారు. అది మోగడం మాకు కొత్తేమీ కాదు. కానీ ఫలానా మనిషిని పైకి పంపమని మోగిందంటే మాత్రం పని చేస్తున్న చేతులు ఆగిపోతాయి. షిఫ్టు మధ్యలో మనిషిని పైకి పిలిచేది ఇంటి దగ్గర ఎవరో పోయినప్పుడే. నా సర్వీసులో అలా పిలుపు వచ్చిన ముగ్గురిని నేనే పైదాకా తీసుకుపోయాను. దారిలో వాళ్ళు ఏమీ అడగరు. మనమూ ఏమీ చెప్పం. తెలిసినా చెప్పం.

ఆ ఫోను ఒకసారి నాకోసం మోగింది. ఎవరూ చనిపోలేదు. అయినా ఆ రోజు మా ఇంట్లో ఒకటి తెగిపోయింది. అది ఎలా తెగిందో చెప్పాలంటే ముందు ఒక ల్యాప్‌టాప్ గురించి చెప్పాలి. తక్కువ ధరకు వచ్చే ఆ రకం ల్యాప్‌టాప్ కొనవచ్చా, పెట్టిన డబ్బుకు పనికొస్తుందా అని మా కాలనీలో ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నేను సూటిగా జవాబు చెప్పలేకపోతున్నాను. ఇది ఆ జవాబే అనుకోండి.

మా బిడ్డ పాలిటెక్నిక్‌లో సివిల్ చదివింది. ఇళ్ళ ప్లాన్లు గీయడమంటే ప్రాణం. మా క్వార్టర్‌ను టేపుతో కొలిచి, గోడ ఎక్కడ జరిపితే వంటింట్లోకి వెలుతురు వస్తుందో గీసి వాళ్ళమ్మకు చూపించేది. కరెంటు ప్లాంటు కాలనీ జ్యోతినగర్ నుంచి వచ్చే ఆమె క్లాసు పిల్లల దగ్గర పెద్ద పెద్ద ల్యాప్‌టాప్‌లు ఉండేవి. నాకు కొనే స్తోమత లేక కాదు. ఆడపిల్ల, రేపో మాపో ఒక ఇంటికి పోతుంది, అంత మిషను ఎందుకనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు సిగ్గనిపించలేదు.

ఒక ప్లే డే నాడు, అంటే మాకు సెలవు రోజున, గోదావరిఖని చౌరస్తాలో ఒక షాపుకు ముగ్గురం వెళ్ళాం. షాపతను పలుచటి డబ్బా ఒకటి తీసి ఒంటి చేత్తో పైకెత్తి చూపించాడు.

"దీన్ల లోపట ఏం ఉండదన్నా. అన్నీ క్లౌడ్‌లనే ఉంటయ్. గందుకే అగ్గువ."

"క్లౌడ్ అంటె ఏంది?" అంది నా భార్య.

"మబ్బు అక్కా, మబ్బు."

"మబ్బులనా? మబ్బుల పెట్టింది మల్ల కండ్లకు కనబడ్తదా?"

షాపులో అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వించడానికి అనలేదు. మా వైపు మబ్బు అంటే ఆకాశంలో తేలేదే కాదు, తెల్లవారక ముందు ఉండే చీకటి కూడా. ఫస్ట్ షిఫ్టు వాళ్ళ ఇళ్ళల్లో అందరూ మబ్బుల లేస్తారు. మబ్బుల వంట, మబ్బుల స్నానం, మబ్బుల టిఫిను గిన్నె. చీకట్లో ఎవరో ఏదో పెట్టేసి వచ్చినట్టు ఆమెకు వినిపించింది.

"అమ్మా, ఏడనో పెద్ద మిషన్లుంటయ్, నా బొమ్మలు గండ్ల దాస్తరు. నెట్ ఉంటె ఏడికెళ్ళైన తీస్కోవచ్చు" అని బిడ్డ వివరించింది. ఆమె కళ్ళు అప్పటికే ఆ డబ్బా మీద ఉన్నాయి.

షాపతనే ఖాతా తెరిచాడు. "ఫోన్ నంబర్ చెప్పున్రి" అన్నాడు. బిడ్డ తన నంబరు చెప్పడం మొదలుపెట్టింది. నాలుగంకెలు చెప్పిందో లేదో, నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపి, నా నంబరు చెప్పాను.

"పాప పేరు మీదనే కదన్నా?"

"పేరు పాపదే. నంబర్ నాది రాయ్."

బిడ్డ నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎందుకు అలా చేశాను? మా బాయి మీద ల్యాంప్ రూంలో ఒక బోర్డు ఉంటుంది. దిగే ప్రతి మనిషి తన బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకుంటాడు. బిళ్ళ బోర్డుకు ఎక్కుతుంది. ఎవరు లోపల ఉన్నారో, ఎవరు బయటపడ్డారో ఆ బోర్డు చూస్తే తెలుస్తుంది. నేను సర్దార్ని, దిగినవాళ్ళ భద్రత నా పూచీ. నా జిల్లాలో, అంటే బాయి లోపల నాకు అప్పగించిన భాగంలో, ఎందరు దిగారో అందరూ పైకి వచ్చేదాకా నాకు ఊపిరాడదు. మంచి అలవాటే. దాన్ని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం నా తప్పు. నా బిడ్డ బిళ్ళ నా బోర్డు మీద వేలాడాలనుకున్నాను.

మొదట్లో ఆ ల్యాప్‌టాప్ బాగానే పనిచేసింది. అది కూడా నిజమే కాబట్టి చెప్పాలి. చప్పుడు చేయదు, వేడెక్కదు, ఒకసారి ఛార్జి పెడితే పొద్దంతా వస్తుంది. ఎండాకాలం రామగుండం ఎండలకు కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినా అది ఆగేది కాదు. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్ కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడు మా గిన్నెలు గలగలమంటాయి. వెనక గోడలో ఒక పగులు ఏటేటా వేలెడు పాకుతోంది. ఆ అదురుకు బిడ్డ తల కూడా ఎత్తేది కాదు.

"ఇల్లు కూలినా నా బొమ్మలు పోవు బాపు" అంది ఒకసారి నవ్వుతూ.

"నోట్లెకెళ్ళి గసుంటి మాటలు తియ్యకు" అన్నాను.

లోపాలు తర్వాత తెలిశాయి. ఆమె పనికి కావలసిన అసలు సాఫ్ట్‌వేర్ అందులో దిగదు. నెట్ మీద నడిచే చిన్నదానితో సర్దుకోవాలి. నెట్ పోతే అది చెక్కముక్క. "రొట్టెల పీట నయం" అని నా భార్య వెక్కిరించేది. బిడ్డ మాత్రం ఎన్నడూ దాన్ని తిట్టలేదు.

ఎవరైనా కొత్త చోట ఆ ఖాతా తెరిస్తే నా ఫోనుకు కబురు వచ్చేది. మూడు గంటలకు బాయి ఎక్కగానే, మొహం కడుక్కోకముందే, బొగ్గు చేతులతోనే అది చూసేవాణ్ణి. ఒకనాడు పదకొండింటికి వేరే చోట తెరిచినట్టు వచ్చింది. సాయంత్రం అన్నం ముందు కూర్చుని అడిగాను.

"పొద్దుగాల దాన్ని ఏడ తెరిసినవ్?"

ఆమె ముద్ద ఆపింది. "ఇంట్ల నెట్ రాకపోతె లైబ్రరీల కూసున్న. నీకెట్ల తెలుసు బాపు?"

"తెలుస్తది" అన్నాను.

గర్వంగానే అన్నాను. ఆనాటి నుంచి ఆమె నా దగ్గర తన ప్లాన్ల మాట తీయడం మానేసింది. అది నేను చాలా ఆలస్యంగా గమనించాను.

బాయిలోకి ఫోను తీసుకుపోకూడదు. లోపల గ్యాస్ ఉంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. బీడీ, అగ్గిపెట్టె, ఫోను, ఏది దొరికినా నేను వదిలేవాణ్ణి కాదు. నేను సోదా చేస్తుంటే ఒక పడుచు కార్మికుడు ఎప్పుడూ వేళాకోళమాడేవాడు.

"సర్దారన్నా, మా ఇంటామె వీడియో కాల్ చేస్తదే. బొగ్గు ఎట్లుంటదో చూపిస్త."

"నీ ఫోను నిప్పు పుట్టిచ్చినంక నువ్వే ఆమెకు ఫోటోల కనబడ్తవ్. తియ్."

నా ఫోను మాత్రం పైన రెస్ట్ షెడ్డులో నా ఇనుప పెట్టెలో ఉంటుంది. తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది. ఒకసారి షెడ్డు ఊడ్చే మనిషి నా పెట్టెను పక్కకు జరిపాడు. తాళం ముట్టుకోను కూడా లేదు. నేను పెద్ద రభస చేసి, ఆఫీసుదాకా పోయి, అతనికి ఒక రోజు హాజరు లేకుండా చేశాను. అప్పటి నుంచి నా పెట్టె జోలికి ఎవరూ పోరు. దాన్ని నేను గౌరవం అనుకున్నాను.

నాకోసం ఫోను మోగిన రోజు కూడా మబ్బుల లేచాను. బిడ్డ గదిలో లైటు వెలుగుతోంది. అడగలేదు. నా భార్య టీ ఇస్తూ ఛాతి రుద్దుకుంది. "గ్యాస్ పట్టినట్టున్నది" అంది. దవాఖానకు పొమ్మని చెప్పి, టీ సగం వదిలేసి బయలుదేరాను.

నాకు తెలియనిది ఏమిటంటే, ఆ ఉదయం పదింటికి బిడ్డకు ఒక పరీక్ష ఉంది. హైదరాబాద్‌లో ఇళ్ళ ప్లాన్లు వేసే ఒక చిన్న ఆఫీసు వాళ్ళు ఎన్నో దరఖాస్తుల్లోంచి నలుగురిని తీసుకున్నారు. ఇంట్లోనే కూర్చుని రెండు గంటల్లో ఒక ప్లాను గీసి పంపాలి. మెయిల్‌లో వచ్చిన లింకును పదిన్నర లోపు తెరవకపోతే అది మూసుకుపోతుంది. నలుగురిలో ఒకరికి ఉద్యోగం. బిడ్డ ఈ సంగతి వాళ్ళమ్మకు చెప్పింది. నాకు చెప్పలేదు. "తెలుస్తది" అన్నవాడికి చెప్పడం ఎందుకు?

ఆ ఉదయం ల్యాప్‌టాప్ తనంతట తానే ఏదో కొత్తది ఎక్కించుకుని, మళ్ళీ మొదలై, నువ్వు నువ్వేనా అని అడిగింది. ఫోనుకు ఆరంకెలు పంపాం, అవి కొట్టు అంది. తెర మీద నా నంబరు చివరి రెండంకెలు కనిపించాయట. మెయిల్, లింకు, ఇన్ని నెలల బొమ్మలు, అన్నీ ఆ ఆరంకెల వెనక ఉన్నాయి. ఆరంకెలు బాయి మీద, తాళం వేసిన ఇనుప పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి నాతోపాటు భూమి లోపల ఉంది.

నేను అప్పుడు కర్రతో పైకప్పు తడుతున్నాను. గట్టి బొగ్గు ఒక రకంగా పలుకుతుంది, డొల్ల ఒక రకంగా పలుకుతుంది. చెవి పెట్టి వింటున్నాను. దూరంగా ఫోను మోగి ఆగింది. కొంతసేపటికి పంపు దగ్గరి మనిషి నడుచుకుంటూ వచ్చాడు. నా మొహం చూడకుండా నా బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సర్దారన్నా. పైకి రమ్మంటున్నరు."

"ఎవలు?"

"ల్యాంప్ రూం కాడికెళ్ళి చేసిండ్రు. బిడ్డ వచ్చిందట."

చుట్టూ పారలు ఆగాయి. బిడ్డ వచ్చిందంటే తల్లి రాలేదని అర్థం చేసుకున్నాను. ఎప్పుడూ వేళాకోళమాడే ఆ పడుచువాడు వచ్చి నా చేతిలో కర్ర తీసుకున్నాడు. "నడువన్నా, నేనొస్త" అన్నాడు. షిఫ్టు మధ్యలో మనుషుల్ని లాగే రోపు నడవదు. ఎక్కుడు దారిలో గంట నడక. అతను నా ముందు నడుస్తూ తన దీపాన్ని నా కాళ్ళ ముందుకు తిప్పి పట్టుకున్నాడు. రోజూ నోరు మూయనివాడు మాట్లాడకపోతే ఎంత భయమో అప్పుడు తెలిసింది. నేను ఆ సగం వదిలేసిన టీ గురించే ఆలోచించాను. తాగి ఉంటే ఆమె బతికి ఉండేదన్నట్టు.

బయట వెలుతురుకు కళ్ళు చెదిరాయి. తేరుకుని చూస్తే నా భార్య నిలబడి ఉంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, బతికి, నిలబడి ఉంది. బిడ్డ రెస్ట్ షెడ్డులో నా పెట్టె ముందు సిమెంటు గట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ల్యాప్‌టాప్.

"ఏమైంది?" అన్నాను.

"ఓటీపీ బాపు" అంది బిడ్డ. "పెట్టె తియ్యవా."

ఆ క్షణంలో నాలో మొదట వచ్చింది సంతోషమే. అది నోటిదాకా వచ్చేసరికి కోపమైంది.

"మీ అమ్మ సచ్చిందనుకుని వచ్చిన నేను! గీ ఆరు నంబర్ల కోసం బాయిలకెళ్ళి పిలిపిస్తవా? ఇజ్జత్ ఉన్నదా నీకు?"

నలుగురూ మూగారు. నా వెంట వచ్చిన పడుచువాడు గట్టిగా ఊపిరి వదిలి, "ఓటీపీ కోసమా! సంపినవ్ కదనే" అని నవ్వాడు. పాపం, అంతసేపు బిగబట్టిన భయం అది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను నవ్వడం బిడ్డ చూసింది.

తాళం తీశాను. ఫోనులో పదకొండు మెసేజీలు ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లో ఆరంకెలు. అన్నింటికీ గడువు తీరిపోయింది. బిడ్డ మరోసారి నొక్కింది. నా చేతిలో ఫోను టింగుమంది. నేను చదివాను, ఆమె కొట్టింది. తెర తెరుచుకుంది. ఆమె లింకు నొక్కి, రెండు లైన్లు చదివి, మూత మూసేసింది. అప్పటికి పదకొండు దాటింది.

అప్పుడు గానీ నా భార్య పరీక్ష సంగతి చెప్పలేదు.

బిడ్డ లేచి నిలబడింది. ఏడవలేదు. "బాపు, ఆనాడు షాపుల నా నంబర్ ఎందుకియ్యనియ్యలే?" అని అడిగింది.

"ఆయన అడిగిండు, నోట్లెకెళ్ళి నాదొచ్చింది" అన్నాను.

అబద్ధం. అబద్ధమని ఆమెకు తెలుసు. నా చెయ్యి తన భుజం మీద పడ్డది ఆమె మర్చిపోలేదు.

వాళ్ళు స్కూటీ మీద వెళ్ళిపోయాక ల్యాంప్ రూంలో పనిచేసే పెద్దాయన, మేమందరం కాక అని పిలిచే ఆయన, నన్ను పక్కకు పిలిచాడు. వాళ్ళు తొమ్మిదింపావుకే వచ్చారట. ఈయన వెంటనే లోపలికి ఫోను చేశాడట. నేను పైకప్పు చూస్తూ ఆ చివరన ఉన్నాను, కబురు అందడానికే చాలాసేపు పట్టింది.

"పాప నొక్కుతున్నది, నీ పెట్టెల టింగుమంటున్నది. నొక్కుతున్నది, టింగుమంటున్నది. పెట్టెకు చెవి పెట్టి కూసున్నది పోరి. నా పానం ఆగలే."

"మరి తాళం పలగ్గొట్టకపోయినవా కాకా? గొడ్డలున్నది కద."

ఆయన రెస్ట్ షెడ్డు వైపు చెయ్యి చూపాడు. "నీ పెట్టెనా? ఎవడు ముట్టుకుంటడు? నేనే గొడ్డలి తెచ్చిన. పాపనే వద్దన్నది. బాపు ఊకోడు కాకా, మిమ్మల్ని ఆఫీసుల నిలబెడ్తడు అన్నది."

ఆ మాట విన్నాక నేను మళ్ళీ దిగి షిఫ్టు పూర్తి చేశాను. కర్ర పట్టుకుని పైకప్పు తట్టాను. ఆ రోజు ఏ చప్పుడు గట్టిదో ఏది డొల్లో నా చెవికి ఎక్కలేదు. నా కింద పనిచేసేవాళ్ళ ప్రాణాలు నా చెవి మీద ఉంటాయి. అది కూడా ఒప్పుకోవలసిన తప్పే. అదృష్టం బాగుండి ఏమీ రాలిపడలేదు.

బిడ్డ ఆ ఆఫీసుకు రాసింది. సానుభూతి తెలిపారు, మళ్ళీ అవకాశం ఇవ్వలేమన్నారు. ఒక వారం తర్వాత, ప్లే డే నాడు, ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. నంబరు మార్చాలంది. మార్చడానికి కూడా అది నా ఫోనుకే ఆరంకెలు పంపింది. చదివాను. కొట్టింది.

"అయిపోయింది. ఇగ నీకేం రావు బాపు" అంది. కోపంగా కాదు. మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయింది అన్నట్టు.

మొన్న మా వెనక క్వార్టర్ బావ వచ్చి అడిగాడు. "మా పెద్దదానికి గా మబ్బు డబ్బా కొనాలనుకుంటున్న. పైసలకు తగ్గట్టుంటదా బావా?"

ఉంటుందన్నాను. రాసుకోవడానికి, చదువుకోవడానికి, ఉత్తరాలకు చాలు. గీసే పని పెద్దదైతే చాలదు. నెట్ సరిగా లేకపోతే కొనొద్దు. ఎన్నేళ్ళ దాకా దానికి కొత్త అప్‌డేట్లు ఎక్కిస్తారో ముందే అడిగి తెలుసుకో, మా దానికి ఆ గడువు వచ్చే ఏడాదితో అయిపోతుంది. ఇదంతా చెప్పి, నంబరు మాత్రం పిల్లదే ఇవ్వమన్నాను.

"ఆడపిల్ల కదనే, మన నంబర్ ఉంటె మనకు తెలుస్తుంటది గద" అన్నాడు.

నా గొంతు అతని నోట్లోంచి వచ్చినట్టయింది. జరిగింది మొత్తం చెప్పాను. పెట్టెకు చెవి పెట్టి కూర్చున్న సంగతి చెప్పేటప్పుడు అతను వేరే వైపు చూశాడు. కొన్నాడో లేదో, ఎవరి నంబరు ఇచ్చాడో నేను అడగలేదు.

ఇప్పుడు నా పెట్టెకు తాళం వేయడం లేదు. ఫోను అందులోనే పెట్టి దిగుతాను. మూడింటికి ఎక్కి చూస్తే అందులో ఏమీ ఉండదు. బిడ్డ మరో ఆఫీసుకు పరీక్ష రాసిందని నా భార్య నోరు జారితే తెలిసింది. అప్పటికి రాసి నాలుగు రోజులైంది. "చెప్పద్దన్నది, అడగకు" అంది. అడగలేదు.

నిన్న బాయి లోపల ఇనుప ఫోను మోగింది. అందరూ ఒక్కసారి నా వైపు చూశారు. పడుచువాడు పరుగెత్తి ఎత్తుకున్నాడు. నేను కర్ర పట్టుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ళూ ఆ మోత నాకోసం కాకూడదని మొక్కుకున్నవాణ్ణి, నిన్న మొదటిసారి, బిడ్డ మళ్ళీ నన్ను పిలిచిందేమోనని, అది నాకోసమే అయి ఉండాలని కోరుకున్నాను.

"పంపు అన్నా" అని అరిచాడు అతను. "నీళ్ళు ఎక్కుతున్నయట."

నేను పంపు వైపు నడిచాను.